కడలిలో దిగబోవు ముందు

మచిలీపట్నమునకు బందరు అన్న పేరు సముద్రము వలననే వచ్చినది. రేవు అని అర్థమిచ్చు ఈ పారసీక పదము ఉర్దూలోను తెలుగులోను సమానముగా నిలిచియున్నది. పట్నమునకు సుమారు 11 కిలోమీటర్ల దూరమునగల మంగినపూడి తీరమునకు, దివిసీమలో కృష్ణ కడలిలో కలియు హంసలదీవికి పండుగలకు, సెలవులకు జనులు తరలివెళ్ళుట పరిపాటి. విద్యార్థులు సైతము గుంపులుగా వెళ్ళుదురు. గుడివాడ ప్రాంతపు కాలువలలో ఈత నేర్చినవారు సముద్రము కూడ అట్టిదే అనుకొనుట కద్దు. కాలువ నీరు ఒకే దిక్కునకు పోవును. కడలి నీటి నడక గంటగంటకు మారును. ఆ మార్పును ఒడ్డుననే నిలిచి గుర్తించుట ఎట్లో ఇక్కడ వివరింప ప్రయత్నింతుము.

మొదట తెలియవలసినవి పోటు, పాటు. నీరు పొంగి ఒడ్డునకు వచ్చుట పోటు. వెనుకకు తీయుట పాటు. మన తీరమున ఇవి దినమునకు రెండేసి సార్లు కలుగును. ఒక పోటునకు మరుసటి పోటునకు నడుమ సుమారు 12 గంటల 25 నిమిషముల వ్యవధి ఉండును గనుక, నిన్నటి వేళ నేటికి సుమారు 50 నిమిషములు వెనుకబడును. క్రిందటి వారము క్షేమముగా స్నానము చేసిన గడియలోనే ఈ వారము పాటు లాగవచ్చును.

సూర్యచంద్రులు భూమితో ఒకే వరుసలో నిలుచు అమావాస్య, పౌర్ణములకు, వాని తరువాతి ఒకటి రెండు దినములకు పోటుపాట్లు హెచ్చు. సప్తమి, అష్టముల ప్రాంతమున తక్కువ. ఇందొక విశేషము గలదు. కార్తిక, మాఘ పౌర్ణమి స్నానములు సరిగా ఆ హెచ్చు దినములందే వచ్చును. నెలవంకను చూచి జరుపుకొను రంజాన్ పండుగయు అమావాస్య దాటిన వెంటనే వచ్చును గనుక, ఆనాడో మరునాడో కుటుంబసమేతముగా తీరమునకు వెళ్ళువారికిని అదే పరిస్థితి. అనగా జనము ఎక్కువగా దిగు దినములే నీరు ఎక్కువగా లాగు దినములు. హంసలదీవి వంటి నదీముఖములందు పాటు వేళ నదీజలమును, వెనుదిరుగు సముద్రజలమును కలిసి కడలివైపు పరుగెత్తును. వరదలకు ఇసుకతిప్పలు కూడ స్థానము మార్చుకొనును. నిరుడు మొలలోతు ఉన్న చోటు ఈ ఏడును అట్లే ఉండునని నమ్మరాదు.

రెండవది, శాంతముగా కనిపించి మోసగించు ప్రవాహము. అలలు తిప్పలపై విరిగి తెచ్చిన నీరు ఏదో ఒక సందు గుండా తిరిగి లోనికి పోవలెను. ఆ సందులో లోతు ఎక్కువ గనుక అలలు అంతగా విరుగవు. ఇరువైపుల నురుగు, నడుమ నున్నని నీటిబాట కనిపించును. ఎరుగనివారు అదే మంచిచోటని దిగుదురు. కొన్ని తీరములలో ఈ బాట ముదురు రంగుచే తెలియును. మన తీరమున నీరే బురదరంగు గనుక నురుగును, తేలియాడు గుర్రపుడెక్కను, చెత్తను గమనింపవలెను. అవి ఒడ్డునకు రాక లోనికి సాగుచున్నచో అదియే ఆ ప్రవాహము. దాని వేగము ఒక్కొక్కప్పుడు సెకనుకు 2 మీటర్ల వరకు ఉండును. మామూలు ఈతగాడెవడును దానికి ఎదురీదలేడు.

మూడవది, దూరపు అలలు. ఇక్కడ ఆకాశము నిర్మలముగా ఉన్నను, దక్షిణమున వేల కిలోమీటర్ల దూరమున రేగిన గాలివానల అలలు కొన్ని దినములకు మన తీరమును చేరును. చిన్న అలలు కొన్ని వచ్చిన పిమ్మట పెద్దవి వరుసగా వచ్చుట సముద్రస్వభావము. కావున దిగుటకు ముందు కనీసము ఇరువది నిమిషములు చూడవలెను. హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవాకేంద్రము ఎత్తైన అలలను గూర్చి ముందుగా హెచ్చరించును. రేడియోలో, పత్రికలలో వచ్చు ఆ హెచ్చరికలను ఆలకింపవలెను.

తుపాను సూచన వెలువడినప్పుడు తీరమునకు పోనేకూడదు. 1864 నవంబరు 1న బందరులో సుమారు 30,000 మంది, 1977 నవంబరు 19న దివిసీమ ప్రాంతమున అధికార లెక్కల ప్రకారమే సుమారు 10,000 మంది మరణించిరి. రేవులందు ఎగురవేయు ప్రమాదసూచికలు 1 నుండి 11 వరకు గలవు. మొదటి సంఖ్య కనబడిననాడే స్నానము మానుట వివేకము. 2004 డిసెంబరు 26న భూకంపము వలన పుట్టిన సునామీ పౌర్ణమి స్నానమునకు వచ్చినవారిని సైతము బలిగొన్నది. నీరు ఎన్నడును లేనంతగా హఠాత్తుగా వెనుకకు తగ్గినచో, వింత చూడక, ఎత్తైన చోటికి పరుగెత్తవలెను.

ఇక ఆచరింపవలసినవి. ఆనాటి పోటుపాట్ల వేళలను తీరపు మత్స్యకారులను అడిగి తెలిసికొనుడు. వారు వద్దన్న చోట దిగకుడు. ఒంటరిగాను, చీకటివేళను దిగరాదు. ప్రవాహము లాగినచో ఎదురీదక, తేలియుండి, చేయెత్తి పిలిచి, ఒడ్డునకు సమాంతరముగా ప్రక్కకు ఈది, విరుగు అలలతో బయటపడవలెను. కొట్టుకొనిపోవు స్నేహితుని కొరకు తాను దూకి ఇద్దరును మునుగుటకంటె, మూత బిగించిన ఖాళీ డబ్బానో, త్రాడునో విసరి, పడవవారిని కేకవేయుట మేలు. ఇరువది నిమిషముల ఓపికచే ఒక ఇంటి దీపము నిలుచునన్నచో, ఆ ఓపిక మన విద్యార్థులకు అలవడవలెనని మా ఆకాంక్ష.