ఘర్షణ వెల్డింగుతో అతికిన స్టెయిన్‌లెస్ స్టీలు: బోరు మోటారు షాఫ్టులో అతుకు బలం, సూక్ష్మనిర్మాణం

రబీ వరి పొట్టదశలో ఉన్నప్పుడు బోరు మోటారు షాఫ్టు విరిగితే రైతు రెండు విధాల నష్టపోతాడు. పైపులన్నీ విప్పి మోటారును పైకి తీసేందుకు అయ్యే ఖర్చు ఒకటి; అది బాగై తిరిగి బోరులోకి దిగేలోగా మడి నెర్రెలు విచ్చడం మరొకటి. విరిగిన ముక్కను చూసి "ఇనుము నాసిది" అని తీర్పు చెప్పడం తేలిక. షాఫ్టు అంతా ఒకే లోహమైతే ఆ మాటను పరీక్షించి తేల్చవచ్చు. రెండు లోహాలను ఘర్షణ వెల్డింగుతో కలిపి చేసిన షాఫ్టు విషయంలో మాత్రం విచారణ అతుకు దగ్గర మొదలుకావాలి. అతుకు ఎంత బలమైనది అన్న దానికన్నా, ఏ రకపు బలానికి దానిని పరీక్షించారన్నది ఇక్కడ ముఖ్యమైన ప్రశ్న.

సబ్‌మెర్సిబుల్ మోటారు షాఫ్టులో నీటికి, బేరింగు రాపిడికి గురయ్యే చివరి భాగానికి తుప్పును తట్టుకొనే ఉక్కు కావాలి. రోటరు లోపల ఇమిడిపోయే భాగానికి మధ్యస్థ కార్బన్ ఉక్కు సరిపోతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు ఖరీదైనది కనుక ఈ రెండింటిని అతికించి ఒకే షాఫ్టుగా తయారుచేసే పద్ధతి వాడుకలోకి వచ్చింది. ఒక కడ్డీని చక్‌లో బిగించి వేగంగా తిప్పుతారు. కదలకుండా పట్టి ఉంచిన రెండవ కడ్డీని దాని ముఖానికి అదిమిపెడతారు. రాపిడి వేడికి రెండు ముఖాలు మెత్తబడతాయి గాని కరగవు. తగినంత మెత్తబడగానే తిరుగుడును ఆపి, ఒత్తిడిని పెంచుతారు. ముఖాలపై ఉన్న ఆక్సైడు పొర, మలినాలు మెత్తని లోహంతో పాటు అంచుకు తోసుకువచ్చి ఉంగరంలా చుట్టుకొంటాయి. దీనినే ఫ్లాష్ అంటారు. ఇదంతా కొన్ని సెకన్ల పని. 1956లో సోవియట్ యూనియన్‌లో చుడికోవ్ ఈ పద్ధతిని ఆచరణలోకి తెచ్చాడు. భారీ చక్రంలో నిలవచేసిన శక్తితో నడిచే జడత్వ పద్ధతి 1960 దశకంలో అమెరికాలో రూపొందింది.

స్టెయిన్‌లెస్ రకాల్లో బాగా పరిచయమైన 304లో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. ఆర్క్ వెల్డింగులో ఈ లోహం కరిగి మళ్లీ గడ్డకడుతుంది. గడ్డకట్టేటప్పుడు ఏర్పడే పగుళ్ల ప్రమాదం దానితోపాటే వస్తుంది. ఘర్షణ వెల్డింగులో ఆ దశే లేదు. వేడి, విరూపణ ఒకేసారి పనిచేయడం వల్ల సంధిముఖం వద్ద పాత స్ఫటికరేణువులు నలిగి, వాటి స్థానంలో సన్నని కొత్త రేణువులు పుడతాయి. దానికి ఆనుకొని రేణువులు సాగి వంపు తిరిగిన పొర, ఆ తరువాత వేడి మాత్రమే సోకిన పొర, అటుపైన మార్పు చెందని మూలలోహం కనిపిస్తాయి. రేణువులు సన్నబడిన కొద్దీ లోహం గట్టిపడుతుందన్న హాల్, పెచ్‌ల సూత్రం ప్రకారం సంధిముఖం మూలలోహం కన్నా గట్టిగా ఉండటానికి అవకాశం ఉంది. అయితే చల్లగా లాగి గట్టిపరచిన కడ్డీని వాడితే పరిస్థితి తారుమారవుతుంది. వేడికి ఆ గట్టిదనం కరిగిపోయి, అతుకు పక్కనున్న పొర మెత్తబడుతుంది.

304 ఉక్కు 425 నుంచి 850 డిగ్రీల సెల్సియస్ మధ్య ఎక్కువసేపు ఉంటే రేణువుల సరిహద్దుల వెంట క్రోమియం కార్బైడు ఏర్పడుతుంది. సరిహద్దుల పక్కన క్రోమియం తరిగి, అక్కడ తుప్పు లోపలికి పాకుతుంది. ఘర్షణ వెల్డింగులో ఈ ఉష్ణోగ్రతలు క్షణాల్లో దాటిపోతాయి కనుక ప్రమాదం తక్కువ. కాని అంతర్గత ఒత్తిడులు తగ్గిద్దామని అతికిన షాఫ్టును 650 డిగ్రీల వద్ద గంటల తరబడి ఉంచితే, తప్పించుకొన్న ముప్పును పిలిచి తెచ్చుకొన్నట్టే. ఉష్ణచికిత్స ఎప్పుడూ మేలే చేస్తుందన్న నమ్మకం విద్యార్థుల్లో బలంగా ఉంది. ఇక్కడ అది చెల్లదు.

304ను 0.4 శాతం కార్బన్ గల ఉక్కుతో కలిపినప్పుడు చిక్కులు పెరుగుతాయి. కార్బన్ ఉక్కు వేడిని దాదాపు మూడు రెట్లు వేగంగా తరలిస్తుంది; 304 అధిక ఉష్ణోగ్రతలోనూ తన గట్టిదనాన్ని ఎక్కువగా నిలుపుకొంటుంది. అందువల్ల ఫ్లాష్ అధికభాగం కార్బన్ ఉక్కు వైపే పొంగుతుంది. సంధిముఖం వద్ద కార్బన్ క్రోమియం ఉన్న వైపునకు వలసపోతుంది. ఒకపక్క కార్బన్ తరిగిన మెత్తని పట్టీ, మరోపక్క కార్బైడులతో పెళుసైన సన్నని పట్టీ ఏర్పడతాయి. కార్బన్ ఉక్కులో వేగంగా చల్లారిన భాగం మార్టెన్‌సైటుగా మారి గట్టిపడుతుంది. ఘర్షణ కాలం పెరిగిన కొద్దీ ఈ పట్టీలు వెడల్పవుతాయి. మరీ తగ్గిస్తే అతుకే పూర్తికాదు. నునుపు చేసిన నమూనాను నైటాల్‌తో తడిపితే కార్బన్ ఉక్కు వైపు నిర్మాణం నల్లగా తేలుతుంది, 304 వైపు అద్దంలా మెరుస్తూనే ఉంటుంది. ఆ వైపును చూడాలంటే ఆక్సాలిక్ ఆమ్లంతో విద్యుద్విశ్లేషణ జరపాలి. ఒక వైపును మాత్రమే చూసి నివేదిక రాయడం తగదు.

ఇక బలం. కడ్డీ తిరిగేటప్పుడు మధ్యబిందువు వద్ద వేగం సున్నా, అంచున గరిష్ఠం. కాబట్టి ఘర్షణ కాలం చాలకపోతే మధ్యలో ఆక్సైడు మిగిలి, అతుకు అసంపూర్ణమవుతుంది. సగం వ్యాసార్ధం మేర ఉన్న మధ్యభాగం అడ్డుకోత వైశాల్యంలో నాలుగవ వంతు. లాగుడు బలంలో దాని వాటా కూడా అంతే. మెలిపెట్టే బలంలో మాత్రం దాని వాటా పదహారవ వంతే. అంటే తన్యత పరీక్షలో బయటపడే మధ్యలోపం షాఫ్టు పనిలో పెద్దగా బాధించకపోవచ్చు. తన్యత పరీక్ష అంతగా పట్టించుకోని అంచులోపం షాఫ్టును విరిచివేయవచ్చు. నమూనా మూలలోహం వద్ద తెగిందని తన్యత పరీక్షను చూసి సంతృప్తిపడే అలవాటు ఇందుకే సరికాదు.

లెక్క చూస్తే విషయం మరింత స్పష్టమవుతుంది. 5 హార్స్‌పవర్ మోటారు నిమిషానికి 2880 చుట్లు తిరిగేటప్పుడు 25 మిల్లీమీటర్ల షాఫ్టు ఉపరితలంలో మెలివల్ల కలిగే ఒత్తిడి దాదాపు 4 మెగాపాస్కల్‌లు మాత్రమే. 304 ఉక్కుకు నిర్దేశించిన కనీస ఈల్డ్ బలం 205 మెగాపాస్కల్‌లు. ఇంత వ్యత్యాసం ఉన్నా షాఫ్టులు విరుగుతున్నాయంటే, కారణాన్ని సాధారణ బలంలో కాక అలసటలో, తుప్పులో, ఇసుక పట్టేసినప్పుడు పడే దెబ్బలో వెతకాలి. బుష్‌లు అరిగి షాఫ్టు ఏమాత్రం వంగి తిరిగినా ప్రతి చుట్టుకూ ఉపరితలం ఒకసారి సాగి, ఒకసారి నొక్కుకుంటుంది. ఆరు గంటల నడకలో ఇది పది లక్షల సార్లకు పైగా జరుగుతుంది. కరెంటు వచ్చినప్పుడల్లా ఆటోస్టార్టరు మోటారును కుదిపి లేపడం దీనికి అదనం.

ఫ్లాష్ మొదట్లోని సన్నని గాడి అలసట పగులుకు సహజమైన పుట్టినచోటు. క్లోరైడులున్న బోరు నీరు ఆ గాడిలో నిలిస్తే స్టెయిన్‌లెస్‌లోనూ గుంటలు పడతాయి. పక్కనున్న కార్బన్ ఉక్కు తడిస్తే స్టెయిన్‌లెస్ సాహచర్యంలో మరింత వేగంగా తుప్పుపడుతుంది. అందుకే లేత్‌పై ఫ్లాష్‌ను పూర్తిగా చెక్కి, నునుపు చేసి, పనిముట్టు గీతలు మిగలకుండా చూడాలి. నునుపు చేశాక అతుకు కంటికి కనిపించకపోవచ్చు. 304 వాడిన షాఫ్టులో ఒక చిన్న అయస్కాంతం ఆ పని చేస్తుంది: కార్బన్ ఉక్కు మీద అతుక్కొని, 304 దగ్గరకు రాగానే పట్టు సడలుతుంది. చివరి భాగం 410 రకమైతే ఈ ఉపాయం పనిచేయదు. ఆ ఉక్కును కూడా అయస్కాంతం ఆకర్షిస్తుంది.

విరిగిన షాఫ్టును ఊరి వెల్డింగు షాపులో మామూలు రాడ్డుతో అతికించడం తరచు జరిగే పని. రెండు లోహాలు కరిగి కలిసినచోట పెళుసు మార్టెన్‌సైటు ఏర్పడుతుంది, షాఫ్టు వంగుతుంది. ఆ వంపే తరువాతి అలసటకు మొదలు. కొత్త షాఫ్టు వేయడమే మేలు. దానితోపాటు అరిగిన బుష్‌లను కూడా మార్చాలి.

విరిగిన ముఖం సాక్ష్యం వంటిది. అంచున మొదలై లోపలికి వరుసగా విస్తరించిన అలలవంటి గీతలుంటే అది అలసట. చివర మిగిలిన గరుకు భాగం ఎంత చిన్నదైతే షాఫ్టుపై భారం అంత తక్కువగా ఉండిందన్నమాట. గీతలు లేకుండా ముఖమంతా చదునుగా, అతుకు వెంబడే విడిపోతే అతుకు లోపాన్ని అనుమానించాలి. విరుగు అతుకుకు దూరంగా కీ గాడి దగ్గర ఉంటే వెల్డింగుపై నింద మోపడం అన్యాయం. విస్తరణ శాస్త్రవేత్త ముక్కలను పరీక్షకు పంపేటప్పుడు రెండు ముఖాలను ఒకదానికొకటి ఆనించి చూడకూడదు, ఇసుక కాగితంతో రుద్దకూడదు. ఆరబెట్టి, విడివిడిగా పొడి గుడ్డలో చుట్టి, మోటారు సామర్థ్యం, బోరు లోతు, నీటి ఉప్పదనం, ఎన్నాళ్లు నడిచిందో రాసి జతచేయాలి.