కుంకుడుకాయయు, షాంపూ పొట్లమును



మీ యింటి స్నానపు గదిలోని వస్తువుల నొక్కమారు లెక్కింపుడు. పండ్లు తోము బ్రష్షు, పేస్టు గొట్టము, నాలుకబద్ద, ఒడలు రుద్దుకొను పీచు, చెంబు, బకెట్టు, షాంపూ పొట్లములు. వీనిలో మట్టిలో గలిసిపోవునది యొక్కటి యైనను దొరకుట నేడు అరుదు.

పెద్ద వస్తువులను గూర్చి నాకంత చింత లేదు. బకెట్టు ఏండ్ల తరబడి వచ్చును. పగిలినచో పాతసామానువాడు కొనిపోవును. చింత యంతయు చిన్నదానిని గూర్చియే. షాంపూ పొట్లము ఒక్క తలంటుతో తీరిపోవును. వేర్వేరు పొరల నతికించి చేసినది గనుక వానిని విడదీయుట కష్టము; అందుచే దాని నెవ్వరును ఏరరు, కొనరు. 1980 ప్రాంతమున తమిళనాటి కడలూరు వర్తకులు ఈ పొట్లముల వ్యాపారమును విస్తరింపజేసిరి. సీసా కొనలేని పేదవానికి గూడ దానివలన షాంపూ అందినది. ఆ మేలును నేను కాదనను. కాని మిగిలిన మూల్యమును మన చెఱువులు చెల్లించుచున్నవి.

ఒకప్పటి ఓరుగల్లు జిల్లాలోనిదై, 2019 నుండి ములుగు జిల్లాలో నున్న మేడారమును మీరెరుగుదురు. మాఘమాసపు జాతరలో లక్షలాది జనులు జంపన్నవాగున మునుగుదురు. పిమ్మట మిగులు ప్లాస్టిక్కు నెత్తుటయే ఒక పెద్ద పని. అది రెండేండ్ల కొకమారు. మన యూరి చెఱువుగట్టున నట్టిదే చిన్నయెత్తున ప్రతి యాదివారము జరుగుచున్నది. విసరిన పొట్లము వానకు కొట్టుకొనిపోయి తూములో చిక్కును; ఎండకు పెళుసై తుమురగును గాని మన్ను గాదు. 13వ శతాబ్దిలో కాకతీయుల కాలమున గట్టిన పాకాల, రామప్ప చెఱువులు నేటికిని పొలములకు నీరిచ్చుచున్నవి. వానిని గట్టినవారు పూడిక నెరుగుదురు గాని, కుళ్లని పూడిక నెరుగరు.

2022 జూలై 1వ తేదీన ప్రభుత్వము కొన్ని ప్లాస్టిక్కు వస్తువులను నిషేధించినది. చెవి తుడుచుకొను ప్లాస్టిక్కు పుల్ల యందు గలదు. షాంపూ పొట్లము లేదు. కావున దీనిని మానుట మన చేతిలోనిదే.

కుంకుడును సంస్కృతమున అరిష్టమనియు, ఫేనిలమనియు నందురు. ఫేనిలమనగా నురుగు గలది. పాశ్చాత్యులు దాని జాతికి బెట్టిన సపిండస్ అను పేరునకు భారతదేశపు సబ్బు అని యర్థము. ఇంకొక వింత వినుడు. షాంపూ యను మాటయు హిందుస్తానీ ‘చాంపో’ నుండి ఆంగ్లేయులు గొనిపోయినదే. పిసుకుమని దాని భావము. మన మాటను పొట్లము గట్టి మనకే యమ్ముచున్నారు!

కాయ తొక్కలో సపోనిన్ అను నురుగు పదార్థము గలదు. గింజ తీసి, తొక్కను రాత్రి నానవేసి, ఉదయమున గోరువెచ్చని నీట పిసికి, పలుచని బట్టతో వడగట్టవలెను. వడగట్టనిచో నలుసులు జుట్టున నిలుచును. కంట బడినచో మంట తీవ్రము గనుక పసిబిడ్డలకు వలదు. వారికి పెసరపిండి చాలును. ముఖ్యముగా నొకటి చెప్పవలెను. ఈ రసము చేపలకు విషము. ప్రకృతిసిద్ధము గదా యని చెఱువులో దిగి తలంటుకొనరాదు. ఆ నీరు నేలమీదనే పోవలెను.

ఒడలు రుద్దుటకు నేతిబీర పీచును మించినది లేదు. కాయను తీగమీదనే యెండనిచ్చి, గింజలు గలగలలాడినపుడు కోసి, నానబెట్టి తొక్క యొలిచిన జాలును.

పండ్ల విషయమున మాత్రము నేను తొందరపడను. బ్రష్షునకు నైలాను కుచ్చు 1938లో అమెరికాలో వచ్చినది. అంతకు మునుపు పాశ్చాత్యులు పంది వెండ్రుకలతో దోముకొనెడివారు. మన వేప, గానుగ పందుంపుల్ల దానికంటె శుభ్రమైనదే. అయినను ఫ్లోరైడు గల పేస్టు పిప్పిపండ్లను తగ్గించునని వైద్యులు తేల్చిరి. పిల్లలచేత దానిని మాన్పింపకుడు. ఇటుకపొడిని, బొగ్గును మాత్రము మానుడు. పంటి పైపూత యరిగిపోవును.

కుంకుడు గింజ పెంకు గట్టిది. ఒక దినము నానవేసి తొలకరికి నాటవలెను. కాపునకు ఏండ్లు పట్టును. గట్టున నాటినచో కాయలు నీట రాలును గనుక బడి యావరణమున నాటుడు. అంతవరకు ఎండుకాయలు అంగడిలో దొరకును, సంచి తీసికొనిపొండు.