కలకూటానికొక ఇల్లు

బల్లిపాటు ఫలం చెప్పే పట్టిక లేని పంచాంగం మన తెలుగు ఇళ్ళలో అరుదు. తలమీద పడితే ఒక ఫలం, భుజంమీద పడితే ఇంకొకటి, మగవారికొకటి, ఆడవారికొకటి. కంచి వరదరాజస్వామి కోవెలలోని బంగారు బల్లిని తాకి వచ్చినవారికి ఆ దోషం అంటదని పెద్దలు చెబుతారు. బల్లిని గురించి ఇంత శాస్త్రం దగ్గర పెట్టుకున్న మనకు, దెబ్బ తిన్న బల్లి ఒకటి ఇంటికి వస్తే దానిని ఎక్కడ ఉంచాలో, ఎట్లా ఉంచాలో మాత్రం తెలియదు. మాకూ తెలియలేదు. కిందటి శ్రావణ మాసంలో తెలుసుకోవలసి వచ్చినది.

వరలక్ష్మీ వ్రతానికని బరంపురం నుండి మా మేనమామగారి ఊరు వెళ్ళాము. కెరాండిమాల్ కొండల వైపు, పొలాల నడుమ ఉన్న పల్లె అది. ముందురోజు వాన గట్టిగా కురిసింది. సాయంత్రం అత్తయ్య కట్టెల కొట్టులో ఎండు కట్టెల కోసం చెయ్యి పెట్టబోయి, కెవ్వున అరచి వెనక్కి వచ్చింది. జానెడుకు కొంచెం తక్కువ పొడవు, లావుపాటి తోక, ఒంటి మీద ముదురు గోధుమరంగు పట్టీలు, వాటి మధ్య మీగడరంగు పట్టీలు. గోడమీద పాకే బల్లివలె కాదు. నాలుగు కాళ్ళమీద ఒళ్ళెత్తి నిలబడి మమ్మల్ని చూస్తూ కన్ను మూసి తెరిచినది! మన ఇంటి బల్లికి రెప్పలు లేవు, అది నాలుకతోనే కళ్ళు తుడుచుకుంటుంది. దీనికి రెప్పలున్నవి.

"బాబూ, దగ్గరకు పోకండి. అది కలకూట. కరిచిందంటే నీళ్ళడగరు" అన్నాడు పాలు తెచ్చిన ఆయన. ఒడియావారు దీనిని కలకూట అనే అంటారు. క్షీరసాగరంలో పుట్టిన విషం పేరు పెట్టిన తరువాత ఆ ప్రాణికి బతికే దారి ఎక్కడున్నది? అప్పటికే ఎవరో చీపురుకట్ట తిరగేసి ఒకటి వేశారు. తోక తెగి నేలమీద పడి గిలగిలలాడుతున్నది. రెండవ దెబ్బ పడకుండా మా చిన్నమ్మాయి వెదురు బుట్ట తెచ్చి దాని మీద బోర్లించింది. ఆ బుట్టే దానికి మా ఇంట మొదటి ఇల్లు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మన దేశంలో విషమున్న బల్లి జాతి ఒక్కటీ లేదు. కలకూట కూడా కొరికితే కొరుకుతుంది గాని, విషం లేదు. ఇది చిరుత బల్లి అనే కుటుంబానికి చెందినది. గోడలు ఎక్కే జిగురు పట్టీలు దీని వేళ్ళకు లేవు. నేలమీదనే తిరుగుతుంది, పగలు రాళ్ళ సందుల్లో నిద్రపోయి రాత్రి పురుగులను వేటాడుతుంది. తూర్పు భారతంలోని ఈ జాతికి 1827లో గ్రే అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు హార్డ్‌విక్ అనే సైనికాధికారి పేరు పెట్టాడు. చిత్రమేమిటంటే, ఒడిశా, ఆంధ్రల తూర్పు కనుమలలో ఉన్నది ఆ జాతికి చుట్టమే గాని వేరే జాతి అని శాస్త్రజ్ఞులు 2022లో గాని చెప్పలేదు. రంగులు పూసినది అనే అర్థం వచ్చేటట్లు దానికి 'పిక్టస్' అని పేరు పెట్టారు. మన తాతల నాటి నుండి చీపుర్లతో కొడుతున్నదానికి లోకంలో పేరు దొరికి నాలుగు నాళ్ళయినది!

బుట్ట కింద ప్రాణిని ఏమి చేయాలి? మా బావమరది వెంటనే అటవీశాఖ వారికి ఫోను చేశాడు. గార్డుగారు దూరాన ఉన్నారట. మరునాటి సాయంత్రం వస్తామనీ, అంతవరకు ఎవరూ కొట్టకుండా, పిల్లి నోట పడకుండా చూడమనీ చెప్పారు. అనగా ఒక రాత్రి, ఒక పగలు బాధ్యత మాది.

పిల్లలకు పండుగే. ఇంట్లో చేపలు చచ్చిపోయి అటక ఎక్కిన అద్దాల తొట్టి ఒకటి ఉన్నది. దానిని కడిగి, అడవి ప్రాణి కదా అని ఇసుక పోసి, బల్లిని దించి, వెచ్చగా ఉంటుందని మరునాడు పొద్దుటే వరండాలో ఎండ తగిలే చోట పెట్టాము. అత్తయ్య తోక తెగిన చోట పసుపు అద్దబోయింది. మా తెలివితేటలన్నీ ఇంతే.

అదృష్టం బాగుండి ఆ వేళకే అమెరికా నుండి మా పెద్దనాన్నగారి మనుమరాలు ఫోనులో పలకరించినది. న్యూజెర్సీలో ఉద్యోగం. ఆమె ఇంట మూడేళ్ళుగా చిరుత బల్లి ఒకటి ఉన్నదని మాకు తెలుసు, వెనుక నుండి నవ్వుకున్నాము కూడా. తొట్టి చూపించగానే ఆ పిల్ల పలకరింపులు మాని అరిచినంత పని చేసినది. "చిన్నాన్నా, ముందు ఎండలోంచి తీయండి. అద్దాల పెట్టె ఎండలో పెడితే పొయ్యి మీద పెట్టినట్టే. పావుగంటలో చచ్చిపోతుంది."

తీశాము. అప్పటికే అది నోరు తెరిచి ఒక మూలకు అతుక్కుపోయి ఉన్నది. కొట్టినవారి మీద ఉదయమంతా కోపపడ్డాము గాని, చీపురు చేయలేని పని మా ప్రేమ చేయబోయినది.

ఆ తరువాత ఆ పిల్ల చెప్పినట్టల్లా చేశాము. ఇసుక పారబోశాము. పచ్చిగాయానికి ఇసుక అంటుకుంటుంది, పురుగుతో పాటు మింగితే పేగుల్లో అడ్డం పడుతుంది. దాని బదులు తెల్ల కాగితం పరిచాము. పసుపు వద్దన్నది. బల్లి తోక తెగడానికి తగినట్టే దేవుడు కీలు పెట్టాడు. నెత్తురు పెద్దగా పోదు, శుభ్రంగా ఉంచితే దానంతట అదే మానుతుంది. కొత్త తోక వస్తుంది గాని, పాత చారలూ పాత అందమూ రావు. ఈ జాతికి తోక అంటే ధాన్యపు గాదె. కొవ్వంతా అందులో దాచుకుని, తిండి దొరకని రోజుల్లో దాని మీదనే బతుకుతుంది. ఒక్క చీపురు దెబ్బతో మా అతిథి గాదె పోయినది.

"దాక్కోవడానికి ఏమి పెట్టారు?" అని అడిగినది. ఏమీ పెట్టలేదు. నాలుగు వైపులా అద్దం, నాలుగు వైపులా పిల్లల ముఖాలు. పగలు చీకట్లో పడుకునే ప్రాణికి అంతకంటె నరకం లేదట. పెరట్లో ఇల్లు నేసి మిగిలిన నాటు పెంకులున్నవి. రెండు తెచ్చి బోర్లించాము. ఒక పెంకు కింద తడిపి పిండిన కొబ్బరి పీచు పెట్టాము. బల్లి కుబుసం విడుస్తుంది, ఒంట తేమ లేకపోతే ఆ పొర వేళ్ళకు దారంలాగా బిగుసుకుని వేళ్ళే ఊడిపోతవి. రెండవ పెంకు పొడిగానే ఉంచాము. మూకుట్లో నీళ్ళు. పైన దోమతెర గుడ్డ, దానికి తాడు. తొట్టిని చీకటి గదిలో పెట్టి తలుపు వేశాము. బల్లి ఐదు నిమిషాలలో పొడి పెంకు కిందికి పోయినది. మళ్ళీ సాయంత్రం దాకా బయటకు రాలేదు. పిల్లలకు అది నచ్చలేదు. మాకు మాత్రం, అది మాకు కనిపించకపోవడమే క్షేమంగా ఉన్నదనడానికి గుర్తని అప్పుడు అర్థమైనది.

తిండికి బొద్దింకను పట్టుకొచ్చాడు మేనమామగారి మనుమడు. వద్దన్నాము. ఇంట్లో మందు కొట్టని మూల లేదు, ఆ బొద్దింక ఏ మందు తిని ఉన్నదో! పొలం గట్టు నుండి ఇలకోళ్ళు రెండు తెచ్చి వదిలాము. తినలేదు. బెదరిన ప్రాణి ఒకటి రెండు రోజులు తినకపోయినా ఫరవాలేదట. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి, బల్లుల ఒంటిమీద మన కడుపు చెడగొట్టే సూక్ష్మజీవులుంటవి. ఇది మాత్రం అత్తయ్యకు ముందే తెలుసు. మడి అనే పేరుతో తెలుసు.

మరి న్యూజెర్సీ బల్లి సంగతి అడిగాము. అది మన దేశానికి వాయవ్యాన, పాకిస్తాన్, అఫ్గనిస్తాన్‌ల వైపు ఉండే చిరుత బల్లి జాతి. పెంపుడు బల్లులలో దానికి చాలా ప్రచారం ఉన్నది. తరతరాలుగా గాజు తొట్టెలలోనే పుట్టి పెరిగినవి. ఎవరో విద్యార్థి చదువు ముగించి వెళుతూ వదిలిపోతే, ప్రాణుల శరణాలయం నుండి ఈమె తెచ్చుకున్నది. తెచ్చిన నాడు తోక పుల్లలాగా ఉన్నదట, కుబుసం బిగిసి రెండు వేళ్ళు లేవట. దానికి మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు తొట్టి కట్టించినది. ఒక కొస 31, 32 డిగ్రీల వేడి, రెండవ కొస 25 డిగ్రీల చల్లదనం. ఎక్కడ హాయిగా ఉంటే అక్కడికి అదే జరుగుతుంది. బల్లి ఒంట్లో సొంత వేడి పుట్టదు కనుక, జరగడానికి చోటు లేకపోతే తిన్నది కూడా అరగదు. వేడి హద్దు మీరకుండా కాచే యంత్రం ఉన్నది. దాక్కునే గుహలు మూడు. పురుగులకు కాల్షియం పొడి అద్ది పెడుతుంది, లేకపోతే ఎముకలు మెత్తబడి వంగిపోతవి. ఈ బల్లి పదిహేను, ఇరవై ఏళ్ళు బతుకుతుంది. "పెళ్ళి సంబంధం వస్తే అబ్బాయికి ముందు దీని సంగతి చెబుతాను" అన్నది నవ్వుతూ.

లెక్క వేసుకుంటే, అక్కడ కరెంటు ఖర్చు పెట్టి కట్టినది యావత్తూ కెరాండిమాల్ రాళ్ళ కింద ఊరికే ఉన్నది. పైన ఎండ తగిలిన బండ, కింద చల్లని సందు, లోపల తేమ. మా చిన్నమ్మాయి ఇది వినలేదు. "మనమూ అలాగే కట్టి ఉంచుకుందాం నాన్నా, బయట మళ్ళీ కొడతారు" అన్నది. ఆ పిల్ల మాటలో న్యాయం లేకపోలేదు. జవాబు న్యూజెర్సీ నుండే వచ్చినది: "దీన్ని బయట వదిలితే మంచులో చచ్చిపోతుంది, దీనికి వెళ్ళడానికి ఊరు లేదమ్మా. మీదానికి ఉంది." చట్టం కూడా అడవి ప్రాణిని పట్టి ఉంచుకోవడాన్ని హర్షించదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 2022లో సవరించి మరింత బిగించారు. టోకే అనే పెద్ద బల్లి మందులకు పనికి వస్తుందనే వట్టి పుకారుతో దానిని లెక్కలేకుండా పట్టి అమ్ముతుంటే, 2019లో దాని వ్యాపారానికి అంతర్జాతీయ ఒప్పందపు కట్టుబాటు పెట్టవలసి వచ్చినది. ముచ్చటపడి ఒకరు ఉంచుకుంటే, ముచ్చటపడి పదిమంది కొంటారు.

అయినా పిల్ల భయం ఊరకే పోయేది కాదు. మన గంజాం వారికి ప్రాణుల మీద దయ లేదనలేము. భేట్నాయి, బాలిపదర్ పల్లెలలో కృష్ణజింకలు పైరు మేస్తున్నా, అవి ఉంటే ఊరికి మేలని రైతులు తరతరాలుగా కాపాడుతున్నారు. ఋషికుల్య నది కడలిలో కలిసే చోట తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి లక్షల్లో వస్తే పల్లెకారులే కాపలా కాస్తారు. జింక చక్కనిది, తాబేలు కూర్మావతారం. కలకూటకు పేరే శాపమైపోయినది. అందుకని సాయంత్రం లోపల మా బావమరది ఒక పని చేశాడు. పాలాయననూ, ఇరుగు పొరుగు వారినీ పిలిచి, తొట్టి దగ్గర నిలబెట్టి, కాగితపు చుట్ట ఒకటి బల్లి నోటి దగ్గర పెట్టాడు. అది కొరికింది. కొరికిన గుర్తు కాగితం మీద సరిగా పడనైనా లేదు. పాలాయన చాలాసేపు చూసి, "మరి మా తాత ఎందుకన్నాడో" అన్నాడు. నమ్మాడో లేదో చెప్పలేము.

గార్డుగారు మునిమాపు వేళ వచ్చారు. గాయం చూసి, నడక చూసి, వదలవచ్చునన్నారు. వానకు ఎక్కడినుండో కొట్టుకు చేరి ఉంటుందనీ, దూరం తీసుకుపోతే దారి తెలియక చస్తుందనీ, దగ్గరి కొండ అడుగునే వదలాలనీ చెప్పారు. పిల్లలను వెంటబెట్టుకుని నడిచాము. రాళ్ళ గుట్ట దగ్గర తొట్టిని ఒరిగించాము. అది కాసేపు కదలలేదు. తరువాత మొండి తోకతో నాలుగడుగులు వేసి, రాతిని నాలుకతో ఒకసారి నాకి, ఇంకో అడుగు వేసి మళ్ళీ నాకి, సందులోకి దూరిపోయినది. తాను వెళ్ళే దారిని నాలుకతో రుచి చూస్తూ పోవడం ఈ జాతి అలవాటట.

మా చిన్నమ్మాయి నాటు పెంకును ఇంటికి తేనివ్వలేదు. ఆ సందు ముందే బోర్లించి వచ్చినది. రాత్రి న్యూజెర్సీ నుండి ఫోటో తీశారా అని ప్రశ్న. దీపం వేస్తే బెదురుతుందని గార్డుగారు వేయనివ్వలేదు, ఫోటో లేదు. కట్టెల కొట్టులో చీపురు మాత్రం ఇప్పుడు తలుపు వెనుక ఉంటున్నదనీ, కట్టెలు తీసేముందు అత్తయ్య కర్రతో రెండు మార్లు తట్టి, "జరగమ్మా" అంటున్నదనీ మేనమామగారు మొన్న చెప్పారు.