జీడిపప్పు ప్యాకెట్ల పరీక్షకు శూన్య పేటిక: రూపకల్పనలో గమనించవలసిన అంశాలు

శ్రీకాకుళం జిల్లాలో పలాస–కాశీబుగ్గ పేరు వినగానే జీడిపప్పు గుర్తుకు వస్తుంది. 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను ఉద్దానం జీడితోటలను తీవ్రంగా దెబ్బతీసింది. చెట్టు తిరిగి కాపుకు రావడానికి ఏళ్లు పట్టే పంటలో, చేతికి వచ్చిన పప్పు నిల్వలో పాడైపోతే ఆ నష్టం రెట్టింపు భారమవుతుంది.

జీడిపప్పులో సుమారు 45 శాతం కొవ్వు ఉంటుంది. ప్రాణవాయువు సోకితే అది ఆక్సీకరణం చెంది పప్పు ముక్కిపోతుంది. తీరప్రాంతపు తేమను పీల్చుకుంటే మెత్తబడుతుంది. అందుకే ఎగుమతికి ఒకప్పుడు 25 పౌన్ల (11.34 కిలోల) రేకు డబ్బాలలో గాలి తీసి కార్బన్ డయాక్సైడు నింపేవారు. తరువాత బహుళపొరల సంచులు, నత్రజని నింపిన ప్యాకెట్లు వాడుకలోకి వచ్చాయి. సీలు మధ్య చిక్కిన చిన్న పప్పు నలుసు చాలు, ఆ రక్షణ అంతా వృథా కావడానికి. ఆ సందు కంటికి కనిపించదు.

దానిని కనిపెట్టే సులభ సాధనం శూన్య పేటిక (వాక్యూమ్ ఛాంబర్). ప్యాకెట్టును నీటిలో ముంచి, నీటిపైనున్న గాలిని పంపుతో తీస్తే, లోపలి వాయువు వ్యాకోచించి సందు గుండా బుడగలుగా బయటపడుతుంది. ఎ.ఎస్.టి.ఎం. డి 3078 ప్రమాణ పద్ధతికి ఆధారం ఇదే. స్థానిక వెల్డింగు షెడ్డులో చేయించుకోదలచిన సంస్థలకు సలహా ఇచ్చేవారు ఈ క్రింది అంశాలను ముందుగా నిర్ణయించాలి.

ఎంత శూన్యం అవసరం?

శూన్యం ఎంత ఎక్కువైతే పరీక్ష అంత మంచిదన్న అభిప్రాయం సరికాదు. సముద్రమట్టం వద్ద వాతావరణ పీడనం సుమారు 101 కిలోపాస్కల్స్. సాలూరు ఘాట్ రోడ్డు మీదుగా, సుమారు 870 మీటర్ల ఎత్తున ఉన్న కోరాపుట్ చేరిన సరుకు చుట్టూ అది దాదాపు 91కి తగ్గుతుంది. విమానపు సరుకు అరలలో 75 వరకు తగ్గవచ్చు. కాబట్టి పేటికలో పీడనాన్ని 60 కిలోపాస్కల్స్‌కు తగ్గిస్తే అది ఈ ప్రయాణాలన్నిటికంటే కఠినమైన పరీక్షే. ఆ స్థితిలో సంచిలోని వాయువు సుమారు 1.7 రెట్లు వ్యాకోచించజూస్తుంది. 10 కిలోపాస్కల్స్‌కు తెస్తే పదింతలు కాజూస్తుంది. మంచి సీలు కూడా చీలిపోతుంది. అప్పుడు పరీక్ష లోపాన్ని కనిపెట్టినట్లు కాదు, లోపాన్ని కల్పించినట్లు.

సరైన పీడనాన్ని ప్రతి సంచి రకానికీ విడిగా నిర్ధారించాలి. సన్నని సూదితో గుచ్చిన కొన్ని ప్యాకెట్లను, లోపం లేని కొన్నింటిని కలిపి పరీక్షించి, రెండింటినీ స్పష్టంగా వేరుచేయగల పీడనాన్ని ఎంచుకోవాలి. గాలి పూర్తిగా తీసి బిగించిన ప్యాకెట్లలో బుడగలు వచ్చేంత వాయువు ఉండదు కనుక వాటికి ఈ పరీక్ష నమ్మదగినది కాదు. వాటిని కొన్నాళ్లు నిల్వ ఉంచి, సంచి వదులైనదేమో చూడాలి.

ఆకారం, దృఢత్వం

పరీక్ష 60 కిలోపాస్కల్స్ వద్దే జరిగినా, పేటికను పూర్తి శూన్యాన్ని తట్టుకొనేలా రూపొందించాలి. పంపు ఆపడం మరచిపోయే రోజు తప్పక వస్తుంది. 30 సెంటీమీటర్ల వ్యాసం గల గుండ్రని మూతపై పూర్తి శూన్యంలో పడే భారం సుమారు 730 కిలోలు. అంచులపై మాత్రమే ఆనిన 25 మిల్లీమీటర్ల మందపు అక్రిలిక్ మూత మధ్యలో వంపు ప్రతిబలం సుమారు 4.6 మెగాపాస్కల్స్. మందం 15 మిల్లీమీటర్లకు తగ్గిస్తే అది 12.7కు చేరుతుంది. ఖర్చు తగ్గించుకోవడానికి ఎంచుకోవలసిన చోటు ఇది కాదు. అక్రిలిక్‌ను స్పిరిట్‌తో తుడిస్తే సన్నని పగుళ్లు పుడతాయి. సబ్బు నీరు చాలు.

చదునైన గోడల పెట్టె కంటే స్తూపాకారం మేలు. చదును పలక వెడల్పును రెట్టింపు చేస్తే, అదే ప్రతిబలానికి మందాన్నీ రెట్టింపు చేయాలి. పాత పీడన ట్యాంకులను వాడేటప్పుడు జాగ్రత్త అవసరం: లోపలి ఒత్తిడిని మోసే పలుచని రేకు బయటి ఒత్తిడికి హఠాత్తుగా లోపలికి నొక్కుకుపోవచ్చు. అవసరమైన చోట బయట బలపరిచే వలయాలు వెల్డింగు చేయించాలి.

కొలత, నీరు

ముల్లు గేజీ చూపేది బయటి గాలికీ లోపలి పీడనానికీ మధ్య తేడా మాత్రమే. వాయుగుండం పట్టిన రోజున బయటి పీడనమే తగ్గుతుంది. అందువల్ల నిరపేక్ష పీడనం చూపే గేజీ వాడటం, లేదా ఆనాటి వాతావరణ పీడనాన్ని కూడా నమోదు చేయడం అవసరం. 30 డిగ్రీల నీరు సుమారు 4.2 కిలోపాస్కల్స్ వద్ద మరుగుతుంది. అంతకు చాలా ముందే నీటిలో కరిగిన గాలి బుడగలై సంచికి అంటుకుంటుంది. ఒకేచోట నుంచి ధారగా వచ్చే బుడగలే లోపానికి గుర్తు.

మొదటి పరీక్ష పేటికకే

కొత్త పేటికను మొదటిసారి ఖాళీగా, దళసరి చెక్క పెట్టెతో కప్పి, మనుషులు దూరంగా ఉండగా నడపాలి. తరువాత పంపు వాల్వు మూసి పీడనం ఎంత వేగంగా పెరుగుతున్నదో గమనించాలి. 30 లీటర్ల పేటికలో 10 నిమిషాలకు 1 కిలోపాస్కల్ పెరిగితే, సెకనుకు 0.05 కిలోపాస్కల్–లీటర్ల గాలి చొరబడుతున్నట్లు. ఈ విలువను నెలకొకసారి నమోదు చేస్తే గాస్కెట్టు అరుగుదల ముందే తెలుస్తుంది. పరీక్ష ముగిశాక గాలిని లోనికి వదలగానే సందున్న సంచి నీటిని పీల్చుకుంటుంది. కనుక పరీక్షించిన నమూనాలను తిరిగి అమ్మకపు సరుకులో కలపరాదు.

విస్తరణ శాస్త్రవేత్త వెల్డింగు షెడ్డుకు వెళ్లేముందు ఒక కాగితంపై నాలుగు విషయాలు రాసుకోవాలి: సంచి రకం, పరీక్ష పీడనం, మూత మందం, అనుమతించదగిన చొరబాటు. ఈ నాలుగూ లేకుండా చేయించిన పేటిక బుడగలు చూపగలదు గాని, ఆ బుడగలను చూసి ఒక సరుకును ఆపాలో పంపాలో తేల్చి చెప్పలేదు.