పొలుసుల చర్మానికి పూత మందు: ఎంత, ఎక్కడ, ఎన్నాళ్ళు?

చలికాలం ప్రవేశించగానే పొడి చర్మంతో, పొలుసులతో బాధపడుతూ వైద్యుని వద్దకు వచ్చేవారి సంఖ్య పెరుగుతుంది. కాళ్ళ పిక్కలపై తెల్లని పొట్టు, మోచేతుల వద్ద మందమైన మచ్చలు, మాడుపై చుండ్రును పోలిన పెళ్ళలు, పిల్లలకు మోకాలి మడతలలో ఆగని దురద. ఈ బాధ ఇలా అనేక రూపాలలో కనిపిస్తుంది. వచ్చినవారిలో చాలామంది చేతిసంచిలో అప్పటికే ఒక ట్యూబు ఉంటుంది. ఎవరు వ్రాసి ఇచ్చారని అడిగితే, "మా తోడికోడలికి దీంతోనే తగ్గిందండీ" అనో, "మందుల షాపులో అడిగితే ఇచ్చారండీ" అనో సమాధానం వస్తుంది. ట్యూబును అడుగు నుండి చుట్టి, చివరి చుక్క వరకు పిండి ఉంటారు.

ఆయుర్వేద వైద్యుడనై ఉండి ట్యూబు మందుల గురించి వ్రాయడమేమిటని పాఠకులకు సందేహం కలుగవచ్చు. అందుకు కారణం నేను చేసిన ఒక పొరపాటు. కొన్నేళ్ళ క్రితం ఒక గృహిణి నా వద్దకు వచ్చారు. ముక్కుకు ఇరుపక్కలా, కనుబొమల మధ్యా పొలుసులు రాలే బాధ ఆమెకు చాలాకాలంగా ఉన్నది. తెలిసినవారెవరో తెచ్చి ఇచ్చిన "మూలికల లేపనం" రాయగానే మూడు రోజులలో తగ్గిందని సంతోషంగా చెప్పి, డబ్బా చూపించారు. చిన్న ప్లాస్టిక్ డబ్బా. దానిపై పేరు గానీ, దినుసుల వివరం గానీ, లైసెన్సు నంబరు గానీ లేవు. మూలికలే కదా అన్న ధీమాతో "వాడండమ్మా, ఫరవాలేదు" అన్నాను.

ఎనిమిది నెలల తరువాత ఆమె మళ్ళీ వచ్చారు. బుగ్గలపై చర్మం ఉల్లిపొరవలె పలుచబడి, సన్నని ఎర్రని రక్తనాళాలు పైకి కనిపిస్తున్నాయి. నలభై ఏళ్ళు దాటిన ముఖంపై మొటిమలు, గడ్డం వద్ద నూగు. లేపనం మానివేస్తే నాలుగో రోజుకల్లా ముఖమంతా నిప్పు పెట్టినట్లు మండుతోందనీ, అందుకే మానలేకపోతున్నాననీ చెప్పి కంటతడి పెట్టుకున్నారు. నాకు పరిచయమున్న చర్మవ్యాధి నిపుణుని వద్దకు నేనే వెంట తీసుకువెళ్ళాను. ఆయన చూడగానే, ఇవి బలమైన స్టెరాయిడ్ దీర్ఘకాలం రాసినందువల్ల కలిగే లక్షణాలన్నారు. ముఖం కుదుటపడటానికి దాదాపు ఏడాది పట్టింది. ఎర్రని గీతలు కొన్ని నేటికీ మిగిలి ఉన్నాయి. ఆనాడు డబ్బాపై చీటీ ఏదని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది.

పొలుసులన్నీ ఒకే వ్యాధి కాదు

మన పై చర్మంలోని కణాలు అడుగున పుట్టి, క్రమంగా పైకి చేరి, కంటికి కనిపించనంత సన్నని పొట్టుగా రాలిపోవడానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది. సోరియాసిస్‌లో ఇదే పని కొద్ది రోజులలోనే ముగుస్తుంది. పక్వం కాని కణాలు ఒకదానిపై ఒకటి పేరుకుని వెండి రంగు పొలుసులుగా ఏర్పడతాయి. ఎగ్జిమాలో లోపం వేరు. అక్కడ చర్మపు రక్షణ పొర బలహీనపడి తేమను నిలుపుకోలేదు. బయటి పదార్థాలు సులభంగా లోనికి చొరబడి దురదను, వాపును కలిగిస్తాయి. ఇక శిలీంధ్రం వల్ల వచ్చే తామరలో, గుండ్రని మచ్చ అంచున పొలుసులు ఎక్కువగా ఉండి, మధ్య భాగం కొంత తేరినట్లు కనిపిస్తుంది. మన ఇళ్ళలో ఎగ్జిమానూ, ఈ శిలీంధ్ర వ్యాధినీ కూడా "తామర" అనే పిలవడం వల్ల కలిగే చిక్కు ఇంతా అంతా కాదు.

చరకసంహిత చికిత్సాస్థానం ఏడవ అధ్యాయంలో కుష్ఠమనే పేరు కింద పద్దెనిమిది చర్మవ్యాధులను వేరుచేసి వర్ణించారు. చేప పొలుసులను పోలినదానిని ఏకకుష్ఠమనీ, రుద్దితే ధూళివలె రాలేదానిని సిధ్మమనీ, నల్లబారి గరుకుగా ఉండేదానిని కిటిభమనీ అన్నారు. చూపుకు ఒకేలా ఉన్నవాటిని విడదీసి గుర్తించిన తరువాతనే చికిత్సకు ఉపక్రమించారు. మనం మాత్రం పొలుసు కనిపించగానే ట్యూబు మూత తీస్తాము.

తామరపై స్టెరాయిడ్ రాస్తే ఏమవుతుందో తెలుసుకోవాలి. రెండు రోజులలో ఎరుపు, దురద తగ్గుతాయి. శిలీంధ్రం మాత్రం చావదు సరికదా, చర్మపు రోగనిరోధక శక్తి అణగి ఉన్నందున నిశ్శబ్దంగా వ్యాపిస్తుంది. గుండ్రని అంచు చెరిగిపోయి, వైద్యునికి సైతం గుర్తుపట్టరాని రూపం దాలుస్తుంది. ఈలోగా తువ్వాళ్ళ ద్వారా, పక్కబట్టల ద్వారా ఇంటిల్లిపాదికీ అంటుకుంటుంది. పొలుసును గీకి, పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో ఉంచి, సూక్ష్మదర్శినితో చూసే చిన్న పరీక్షతో ఈ సందేహం చాలావరకు తీరుతుంది. స్టెరాయిడ్, శిలీంధ్ర నాశిని, యాంటీబయాటిక్ మూడూ కలిపిన మిశ్రమ క్రీములను ఏదో ఒకటి తగలకపోతుందా అన్నట్లు వాడటం నాకు బొత్తిగా నచ్చదు.

కొలత తెలిస్తే భయం లేదు

ఇంతమాత్రాన స్టెరాయిడ్ పూతను విషంగా భావించనక్కరలేదు. 1952లో సుల్జ్‌బర్గర్, విట్టెన్ అనే అమెరికన్ వైద్యులు హైడ్రోకార్టిసోన్‌ను చర్మంపై పూతగా వాడి ఫలితాలను ప్రకటించారు. అంతకుముందు రాత్రంతా గోకి రక్తం కారేలా చేసుకున్న ఎగ్జిమా రోగులకు అది పెద్ద ఊరట. నేటికీ ఉద్రేకంగా ఉన్న ఎగ్జిమాను చల్లార్చడానికి దానికి సాటి వచ్చే మందులు తక్కువేనని ఒప్పుకోవడానికి నాకు సంకోచం లేదు.

అయితే అన్ని స్టెరాయిడ్ల బలమూ ఒకటి కాదు. ఒక శాతం హైడ్రోకార్టిసోన్ మృదువైనది. 0.1 శాతం బీటామెథాసోన్ వాలరేట్ బలమైనది. 0.05 శాతం క్లోబెటాసోల్ అత్యంత బలమైనది. దీనిని సాధారణంగా వరుసగా రెండు వారాలకు మించి గానీ, పెద్దవారిలోనైనా వారానికి 50 గ్రాములకు మించి గానీ వాడరాదు. అంకె చిన్నదిగా ఉంటే మందు తేలిక అనుకోవడం పొరపాటని ఈ మూడింటిని చూస్తేనే తెలుస్తుంది. ట్యూబుపై చిన్న అక్షరాలలో ఉండే మందు పేరును భూతద్దంతోనైనా చదవండి. మోమెటాసోన్, ఫ్లుయోసినోలోన్ కూడా ఈ కుటుంబానివే. 2018లో కేంద్ర ప్రభుత్వం పద్నాలుగు స్టెరాయిడ్ పూత మందులను షెడ్యూల్ హెచ్ నిబంధన పరిధిలోకి తెచ్చింది. వైద్యుని చీటీ లేకుండా వాటిని అమ్మరాదు.

ఎక్కడ రాస్తున్నామన్నది మరింత ముఖ్యం. 1967లో ఫెల్డ్‌మన్, మైబాక్ అనే పరిశోధకులు హైడ్రోకార్టిసోన్ శరీరంలోని ఏ భాగం నుండి ఎంత లోనికి ఇంకుతుందో కొలిచారు. ముంజేయి నుండి ఇంకేది ఒక వంతు అనుకుంటే, అరికాలి నుండి అందులో ఏడింట ఒక వంతు మాత్రమే ఇంకింది. మాడు నుండి మూడున్నర రెట్లు, నుదురు నుండి ఆరు రెట్లు, దవడ మూల నుండి పదమూడు రెట్లు, పురుషుల వృషణాలపై చర్మం నుండి నలభై రెండు రెట్లు! కాలి పగుళ్ళ పక్కన మందమైన ఎగ్జిమాకు వ్రాసి ఇచ్చిన మందును గజ్జలలో గానీ, ముఖాన గానీ రాయరాదనడానికి కారణమిదే. కనురెప్పలపై దీర్ఘకాలం రాస్తే కంటిలో ఒత్తిడి పెరగవచ్చు, శుక్లాలు రావచ్చు. పసిపిల్లల డైపరు కింద రాసిన మందు కట్టు కట్టినట్లే పనిచేసి అధికంగా లోనికి వెళుతుంది.

ఇక ఎంత రాయాలి? "కొంచెం" అన్న మాటకు ఒక్కొక్కరి వేలిలో ఒక్కొక్క అర్థం. ఇందుకు ఒక సులభమైన కొలత ఉన్నది. మామూలు ట్యూబు నుండి పెద్దవారి చూపుడువేలి చివరి కణుపు పొడవున మందును తీగవలె పిండితే అది సుమారు అర గ్రాము అవుతుంది. వేళ్ళతో సహా రెండు అరచేతులంత చర్మానికి ఆ అర గ్రాము చాలు. ఒక చేతికి, హస్తం కాక, అటువంటి మూడు కొలతలు, ఒక కాలికి పాదం కాక ఆరు కావాలి. రెండు అరచేతులంత మచ్చపై రోజుకు రెండు పూటలు రాసేవారికి 15 గ్రాముల ట్యూబు పదిహేను రోజులు రావాలి. ఐదు రోజులకే అయిపోతే ఎక్కువ రాస్తున్నారన్నమాట. రెండు నెలలైనా అవకపోతే భయంతో తక్కువ రాస్తున్నారన్నమాట. అప్పుడు వ్యాధీ తగ్గదు, వాడకమూ ఆగదు. మచ్చ మీద మాత్రమే పలుచగా పూయాలి. వైద్యుడు చెప్పనిదే దానిపై ప్లాస్టిక్ కాగితం గానీ, బిగుతు కట్టు గానీ కట్టరాదు. చాలాకాలం వాడినదానిని ఒక్కసారిగా మానక, వైద్యుని సలహాతో రోజు విడిచి రోజు, ఆపై వారానికి రెండుసార్లు, ఇలా తగ్గిస్తూ రావాలి.

మందమైన పొలుసులను మెత్తబరచే సాలిసిలిక్ ఆమ్లపు లేపనాలను పసిపిల్లల ఒంటిపై విస్తారంగా పూయరాదు; అది రక్తంలో చేరి హాని చేయగలదు. యూరియా కలిసిన క్రీములు పగిలిన చోట మండుతాయి. తారు కలిసిన మందు రాసిన చర్మానికి ఎండ తగలనివ్వరాదు.

మూలికలకూ నియమాలున్నాయి

నల్లజీడి రసం తగిలి ఒళ్ళంతా పొక్కినవారిని, వెల్లుల్లి నూరి రాత్రంతా కట్టు కట్టి చర్మం కాల్చుకున్నవారిని నేను చూశాను. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళితే కమిలి, నెలల తరబడి నల్లమచ్చ మిగులుతుంది. చర్మవ్యాధులలో ప్రసిద్ధమైన మరిచ్యాది తైలంలో హరితాళం, మనశ్శిల అనే పాషాణ ద్రవ్యాలు, వత్సనాభి ఉంటాయి. దానిని పుండుపై, పసిపిల్లలకు, గర్భిణులకు సొంతంగా రాయడం తగదు. కొన్న మూలికా లేపనానికైనా దినుసుల జాబితా, లైసెన్సు నంబరు, తయారీ తేదీ ఉండి తీరాలి. ఏళ్ళనాటి మచ్చ రెండు మూడు రోజులలో మాయమైతే సంతోషించక, దానిలో ఏముందని అనుమానించండి.

నిర్భయంగా నేను చెప్పగలిగినది కొబ్బరినూనె. గోరువెచ్చని నీటితో పది నిమిషాలకు మించకుండా స్నానం చేసి, పీచుతో రుద్దక, మెత్తని తువ్వాలుతో అద్ది, ఒంటిపై తడి పూర్తిగా ఆరకముందే కొబ్బరినూనె గానీ, వాసన లేని వ్యాజలీన్ వంటిది గానీ పూయండి. దీనిని మందు రాసే రోజులలోనూ, రాయని రోజులలోనూ మానరాదు. మందుకూ దీనికీ మధ్య అరగంట వ్యవధి ఉంచండి. ఆవనూనె మంచిదని కొందరంటారు గానీ, అది చర్మపు రక్షణ పొరను దెబ్బతీస్తుంది. సున్నిపిండి ఎండుచర్మాన్ని మరింత గీరుతుంది. ఈ బాధ ఉన్నవారు పండుగనాడు కూడా దానిని పక్కన పెట్టడం మేలు. మరొక్క జాగ్రత్త: జిడ్డు లేపనాలు చీరకు, దుప్పటికి పట్టి ఉంటే ఆ బట్ట త్వరగా అంటుకుంటుంది. పూసుకున్న వెంటనే పొయ్యి వద్దకు, దీపారాధనకు వెళ్ళకండి.

రెండు వారాలు సరిగా రాసినా తగ్గకపోయినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా, కీళ్ళు నొప్పులతో వాచినా, ఒళ్ళంతా ఎర్రబారి పొలుసులు రాలుతున్నా ఇంటి వైద్యం మాని వెంటనే వైద్యుని కలవాలి. వెళ్ళేటప్పుడు అంతవరకు రాసిన ట్యూబులన్నీ, ఖాళీవైనా సరే, చీటీ లేని డబ్బాలతో సహా ఒక సంచిలో వేసి తీసుకువెళ్ళండి.