రాయబారానికి ఒక రోజు, కోడిపోరుకు ఒక రోజు

పరాయి రాజుతో జరిగిన యుద్ధాన్ని ఏటా గుర్తుచేసుకోవడం తేలిక. గెలిచి ఉంటే ఊరేగింపు, ఓడి ఉంటే అమరుల సంస్మరణ. ఎటూ శత్రువు పొలిమేర అవతలే ఉంటాడు. అన్నదమ్ములు, వియ్యాలవారు, ఒకే గుడికి మొక్కేవాళ్లు కత్తులు దూసుకున్న యుద్ధానికి ఆ వెసులుబాటు లేదు. చంపినవాడి వంశమూ చచ్చినవాడి వంశమూ ఆ తర్వాత అదే నేలమీద బతకాలి, ఒకే ఏటి నీళ్లు తాగాలి. అలాంటి యుద్ధాన్ని తలుచుకునే రోజున ఏం చెప్పుకోవాలి? ఎవరు గెలిచారన్నదా, ఎవరెంత వీరంగా పోరాడారన్నదా, అసలు గొడవ ఎందుకొచ్చిందన్నదా? ఈ ప్రశ్నకు మన దగ్గర చాలా పాత జవాబు ఒకటుంది. పల్నాడు జిల్లా కారెంపూడిలో ఏటా కార్తిక అమావాస్యనాడు మొదలై ఐదు రోజులు సాగే వీరారాధన ఉత్సవాలే ఆ జవాబు. మనం దాన్ని జాతర కిందనో మొక్కుబడి కిందనో జమకట్టి పక్కన పెట్టేశాం. అంతర్యుద్ధాన్ని ఎలా జ్ఞాపకం పెట్టుకోవాలో చెప్పే పద్ధతిగా దాన్ని చూడాలని నా వాదన.

కథ చాలామందికి తెలిసిందే. పన్నెండో శతాబ్దంలో పల్నాటి రాజ్యం సవతి సోదరుల మధ్య రెండుగా చీలింది. గురజాలలో నలగామరాజు, అతనికి అండగా నాయకురాలు నాగమ్మ; మాచర్లలో మలిదేవుడు, అతనికి అండగా బ్రహ్మనాయుడు. కోడిపందెంలో ఓడినవాళ్లు ఏడేళ్లు రాజ్యం వదిలి వెళ్లాలని ఒప్పందం. బ్రహ్మనాయుడి కోడి ఓడింది, మాచర్లవాళ్లు వలస పోయారు. వలసలో ఉండగానే వాళ్ల ఆలమందల మీద దాడి జరిగింది, మందను కాచిన లంకన్న ప్రాణం పోయింది. గడువు తీరాక తమ భాగం అడగడానికి అలరాజు రాయబారం వెళ్లాడు. అతను నలగాముడికి స్వయానా అల్లుడు. రాయబారం చెడింది, అలరాజు విషప్రయోగానికి బలయ్యాడు. ఆ తర్వాత నాగులేటి ఒడ్డున కారెంపూడి రణభూమిలో రెండు పక్షాలూ తుడిచిపెట్టుకుపోయాయి. బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడు పోయాడు, సేనాపతి కన్నమదాసు పోయాడు. మిగిలిన బ్రహ్మనాయుడు నలగాముణ్ణే మళ్లీ గద్దెమీద కూర్చోబెట్టి గుత్తికొండ బిలంలోకి వెళ్లిపోయాడని కథ చెబుతుంది. యుద్ధం ఏ సంవత్సరంలో జరిగిందో పండితులు ఒక్క మాట మీద లేరు, 1176 నుంచి 1182 వరకు రకరకాలుగా లెక్కగడతారు. సంవత్సరం అలా చేజారినా తిథి మాత్రం చెక్కుచెదరలేదు.

ఇక ఆ ఐదు రోజుల పేర్లు చూడండి: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. మొదటిది ఉత్సవానికి నాంది. చివరిది రణరంగం, వీరులు నేలకొరిగిన రోజు. మధ్యలో ఉన్న మూడు రోజులే నన్ను ఆలోచింపజేశాయి. కథలో ముందు కోడిపోరు, ఆ తర్వాత మందపోరు, ఆఖరున రాయబారం వస్తాయి. ఉత్సవంలో ఈ వరస పూర్తిగా తిరగబడింది. యుద్ధానికి ముందు ఆఖరి అవకాశమైన రాయబారంతో మొదలుపెట్టి, మంద దగ్గర పారిన నెత్తురు మీదుగా, అన్నిటికీ మూలమైన పందెం దాకా వెనక్కి నడిపిస్తుంది. ఆ పందెం బరినుంచి తెల్లారేసరికి తిన్నగా కల్లిపాడులో నిలబెడుతుంది. నాలుగో రోజు రెండు కోళ్లను లాంఛనంగా బరిలోకి దించినప్పుడు జనం వినోదంగానే చూస్తారు, నిజమే. అయినా ఆ వినోదానికీ మర్నాటి చావులకీ మధ్య ఉన్న దూరం ఒక్క రాత్రి. ఏడేళ్ల వలసను, లంకన్న మరణాన్ని, చెడిన రాయబారాన్ని మధ్యలోంచి తీసేసి, పందేన్నీ శవాల్నీ పక్కపక్కన పెట్టిందీ ఉత్సవం. ఐదు రోజుల్లో యుద్ధానికి దక్కింది ఒక్క రోజు. తప్పించుకోగలిగి కూడా తప్పించుకోని మలుపులకు దక్కినవి మూడు.

ఇదంతా ఎవరో కూర్చుని ఆలోచించి పెట్టిన వరస కాదు, ఆచారంలో అలా కుదిరిందంతే, దానికి ఇంత అర్థం అంటగట్టడం అతి అని అనేవాళ్లుంటారు. ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో చెప్పే ఆధారం నాకూ లేదు. అయితే ఆచారం విలువ దాన్ని మొదలుపెట్టినవాడి ఉద్దేశంతో ఆగిపోదు. తరాల తరబడి దాన్ని నడిపేవాళ్లు ఏం ఉంచుకున్నారు, ఏం వదిలేశారు అన్నదాన్నిబట్టి కూడా ఉంటుంది. వీరుల ఆయుధాలైన కొణతాలు పట్టుకుని ఊళ్ల నుంచి వచ్చే ఆచారవంతులు, పంబ, తిత్తి, తాళాలతో కథ పాడే వీరవిద్యావంతులు ఇన్నేళ్లలో రాయబారాన్నీ మందపోరునూ వదిలేసి యుద్ధం ఒక్కటే మిగుల్చుకోవచ్చు. జనం ఎక్కువ ఇష్టపడేది బాలచంద్రుడి యుద్ధఘట్టమే కదా. వాళ్లు అలా చేయలేదు.

అలా చేసిన ఊరు కూడా ప్రపంచంలో ఉంది. అమెరికా అంతర్యుద్ధంలో 1863 జులై 1 నుంచి 3 వరకు గెటిస్‌బర్గ్‌లో జరిగిన పోరులో చనిపోయినవాళ్లు, గాయపడినవాళ్లు, గల్లంతైనవాళ్లు కలిసి సుమారు 51 వేలమంది. యాభయ్యో వార్షికోత్సవానికి, 1913లో, రెండు సైన్యాల్లోనూ పనిచేసిన వృద్ధులు యాభై వేలకు పైగా అక్కడ చేరారు. ఒకప్పుడు కాల్పులు జరుపుకున్న రాతిగోడ దగ్గరే చేతులు కలిపారు. అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ వచ్చి, తగవు మరిచిపోయామని, మిగిలింది శౌర్యమేనని ప్రసంగించాడు. ఆ తగవేమిటి? దాదాపు నలభై లక్షలమంది మనుషుల్ని బానిసలుగా ఉంచవచ్చా లేదా అన్నది. ఆ బానిసత్వం పోవడానికి ఉత్తరాది సైన్యంలో చేరిన నల్లజాతి సైనికులు లక్షా ఎనభై వేలమంది. వాళ్ల ఊసు ఆ వేడుకలో దాదాపు లేదు. అదే ఏడాది విల్సన్ ప్రభుత్వం కేంద్ర కార్యాలయాల్లో నల్లవారిని వేరుగా కూర్చోబెట్టే పద్ధతిని విస్తరించింది. డేవిడ్ బ్లైట్ అనే చరిత్రకారుడు 2001లో వెలువడిన తన గ్రంథంలో ఈ సంగతంతా నిరూపించాడు: శౌర్యాన్ని మాత్రమే తలుచుకున్నందువల్ల ఉత్తర దక్షిణాల తెల్లవారు రాజీపడ్డారు, ఆ రాజీకి మూల్యం నల్లవారు చెల్లించారు.

చేతులు కలపడం మంచిదే కదా, కారణాలు తవ్వితే పాత పగలు లేస్తాయి కదా అని అడగవచ్చు. తేలిగ్గా తీసెయ్యదగిన ప్రశ్న కాదిది. ముఠా కక్షలకు ఎందరినో పోగొట్టుకున్న పల్నాడులో ఇది ఇంకా బరువైన ప్రశ్న. అయితే గెటిస్‌బర్గ్ తర్వాత ఏం జరిగిందో కూడా చూడాలి. 1961లో యుద్ధపు నూరేళ్ల కార్యక్రమాల కోసం చార్ల్‌స్టన్‌లో జాతీయ సమావేశం పెట్టుకుంటే, న్యూజెర్సీ ప్రతినిధి బృందంలోని నల్లజాతి మహిళకు అక్కడి హోటల్ గది ఇవ్వలేదు. అధ్యక్షుడు కెనెడీ కలగజేసుకుని సమావేశాన్ని నౌకాదళ స్థావరానికి మార్పించాల్సి వచ్చింది. నూరేళ్లయినా గొడవ కారణం అలాగే ఉంది, దాని పేరెత్తడం మాత్రమే ఆగింది. కారణాన్ని దాచినంత మాత్రాన పగ చల్లారదని దీన్ని మించిన రుజువు అక్కర్లేదు. కారెంపూడిలో కారణాలన్నీ బహిరంగంగా ఆడి చూపించే ఆ రోజుల్లోనే, మందపోరునాడు, చాపకూడు కూడా పెడతారు. కులం అడగకుండా అందరూ ఒకే వరసలో కూర్చుని తినే ఆ బంతిని బ్రహ్మనాయుడే ప్రవేశపెట్టాడని కథ. గొడవ ఎందుకొచ్చిందో చెప్పుకుంటూనే కలిసి తినవచ్చన్నమాట.

ఏడాదికి ఒకపూట చాపకూడుతో కులం పోతుందా అంటే, పోలేదు. తక్కిన రోజుల్లో ఎవరి బంతి వారిదే అయినప్పుడు ఆ ఒక్కరోజును చూపి గర్వపడటం చాలదు. అయినా కన్నమదాసు మాల కులస్థుడని, బ్రహ్మనాయుడు కొడుకుగా చూసుకుని సేనాపతిని చేశాడని పాడే కథ ఇన్ని వందల ఏళ్లు బతికిందంటే, దాన్ని బతికించిన వీరవిద్యావంతులూ మాలలే కావడం వల్ల. ఇదే కథమీద శ్రీనాథుడిదిగా చెప్పే ద్విపదను అక్కిరాజు ఉమాకాంతం 1911లో అచ్చువేయించేనాటికే వాళ్ల పాట ఊళ్లలో ఉంది. జీన్ రోగేర్ 1982లో ఇంగ్లీషులో తెచ్చిన పల్నాటి వీరగాథ గ్రంథానికి ఆధారం కూడా ఆలిశెట్టి గాలెయ్య పాడిన పాఠమే. గెటిస్‌బర్గ్‌లో పక్కకు నెట్టబడినవాళ్ల గొంతే ఇక్కడ కథ నడిపే గొంతు. రెండు స్మరణలకూ ఇంత తేడా రావడానికి ఇది పెద్ద కారణమని నేను అనుకుంటున్నాను.

అయితే కారెంపూడి లెక్కలోనూ ఒక పక్షమే బరువుగా తూగుతుంది. అక్కడి గుడిలో పూజలందుకునే వీరులు ప్రధానంగా బ్రహ్మనాయుడివైపు వాళ్లే. దోషమంతా నాగమ్మ మీద పడింది: పందెంలో మోసం ఆమెదే, మంద మీద దాడి ఆమెదే, విషమూ ఆమెదే. చరిత్రకారులు చెప్పేది ఇంకా విశాలమైన సంగతి. వెలనాటి చోడుల బలం తగ్గుతూ, కాకతీయుల బలం పెరుగుతున్న కాలమది. నలగాముడికి కాకతీయుల సాయం అందిందని, ఈ యుద్ధంలో తీరాంధ్ర సామంతులు చితికిపోవడం వల్ల కాకతీయులకు దారి సుగమమైందని వాళ్లు రాశారు. అంత పెద్ద రాజకీయాన్ని ఒక ఆడదాని పంతంగా కుదించడం జనం నోట సులభంగా నిలిచింది. 1947లో కన్నాంబ, 1966లో భానుమతి నాగమ్మగా నటించిన సినిమాలు ఆమెను ఇంటింటికీ తెలిసిన మనిషిని చేశాయి. ఉన్నవ లక్ష్మీనారాయణ ఆమె పేరుమీదే 'నాయకురాలు' నాటకం రాశాడు. అంటే ఆమెను మళ్లీ చదవాలన్న తపన కొత్తది కాదు. ఇరుగుపొరుగు పెద్ద రాజ్యాలు కాచుకుని ఉండగా, ఉన్న చిన్న సీమను మళ్లీ రెండుగా చీల్చడానికి గురజాల ఎందుకు ఒప్పుకోలేదో ఆమె వైపునుంచి కూడా చెప్పవచ్చు. దానికి ఉత్సవంలో చోటు కొత్తగా వెతకనక్కర్లేదు. అలరాజు మాట వినిపించే రెండో రోజున, రాయబారం రోజున, గురజాల సభ ఇచ్చిన జవాబునూ పూర్తిగా వినిపిస్తే చాలు.