యంత్రముల నడుమ ఉమ్మడి ఆవర్జా

టీకామందులలో పెక్కింటిని 2 నుండి 8 డిగ్రీల సెంటీగ్రేడు చల్లదనములో భద్రపరచవలెను. హైదరాబాదులో తయారైన టీకామందు దూరదేశము చేరులోగా కర్మాగారపు శీతల గిడ్డంగి, లారీ, విమానము లేక ఓడ, ఆ దేశపు గిడ్డంగి, ఇన్ని చేతులు మారును. ప్రతిచోటను ఉష్ణోగ్రతను కొలిచి, మానవుని ప్రమేయము లేకయే కంప్యూటరుకు తెలుపు సెన్సారులను అమర్చవచ్చును. ఇట్లు వస్తువులే వార్తలు పంపుకొను ఏర్పాటునకు ‘ఇంటర్నెట్ ఆఫ్ థింగ్స్’ అని పేరు.

అయితే లారీ లెక్క లారీ కంపెనీ కంప్యూటరులోను, ఓడ లెక్క ఓడ కంపెనీ కంప్యూటరులోను ఉండును. మందు చెడినచో తప్పు ఎవరి వద్ద జరిగినది? ఎవరి లెక్క వారు చూపి, తమ వద్ద అంతయు సక్రమముగనే యున్నదందురు. వేరు వేరు యంత్రముల వార్తలను ఒకే పద్ధతిలోనికి మార్చి కలుపుట సాధ్యమే. ఆ లెక్కను పిమ్మట ఎవరును దిద్దలేదని నమ్ముట ఎట్లు?

ఇద్దరు వర్తకులు ఉమ్మడి వ్యాపారము చేయునపుడు ఒకే పద్దును ఇద్దరి పుస్తకములలోను వ్రాసికొందురు. ఒకరు తన పుస్తకములో అంకె దిద్దినను రెండవ పుస్తకము పట్టియిచ్చును. ‘డిస్ట్రిబ్యూటెడ్ లెడ్జరు’, అనగా పంపిణీ చేయబడిన ఆవర్జా, ఈ సూత్రముపైననే ఆధారపడినది. దాని ప్రతులు సభ్యులందరి కంప్యూటరులలోను ఉండును. ముందుగా ఒప్పుకొన్న నియమము ప్రకారము సరిచూచిన పిమ్మటనే క్రొత్త పద్దు అన్ని ప్రతులకును ఎక్కును.

దీనికి గణితము మరియొక రక్షణ కల్పించినది. ‘హాష్’ అను గణనవిధానము ఎంత పెద్ద వ్రాతనైనను ఒక చిన్న సంఖ్యగా మార్చును. ‘ఎస్.హెచ్.ఎ.-256’ అను విధానములో ఆ సంఖ్యకు 256 బిట్లు ఉండును. వ్రాతలో ఒక్క అక్షరము మారినను సంఖ్య పూర్తిగా మారిపోవును. కనుక దీనిని ఆ వ్రాతకు వేసిన ముద్ర యనవచ్చును. ఆవర్జాలో ప్రతి పుటయందును దాని వెనుకటి పుట ముద్ర యుండును. పాత పుటను దిద్దినవాడు తరువాతి పుటలన్నిటిని మార్చవలసివచ్చును. పత్రములను ఇట్లు గొలుసుగా కూర్చు పద్ధతిని 1991లో హేబర్, స్టోర్నెట్టా అను శాస్త్రజ్ఞులు ప్రతిపాదించిరి. 2009లో ఆరంభమైన బిట్‌కాయిన్ దీనిని లోకప్రసిద్ధము చేసినది.

సెన్సారు పంపు ప్రతి కొలతను ఆవర్జాలో వ్రాయనక్కరలేదు. కొలతలను వేరుచోట దాచి, వాని ముద్రను మాత్రము ఆవర్జాకు ఎక్కించిన చాలును. తగవు వచ్చినపుడు దాచిన కొలతల ముద్రను మరల గణించి పోల్చి చూడవచ్చును.

ఈ భావమును ఆచరణలో పెట్టిన ప్రయత్నములలో ‘ట్రేడ్‌లెన్స్’ పేర్కొనదగినది. దీనిని 2018లో మెర్స్క్ అను ఓడల కంపెనీయు, ఐ.బి.ఎం. కంపెనీయు ప్రారంభించినవి. సరకు పత్రములతోపాటు పెట్టెల ఉష్ణోగ్రత, బరువు వంటి సెన్సారు వార్తలను కూడ ఓడలవారు, రేవులవారు, సుంకపు అధికారులు పంచుకొనవలెనని దాని ఉద్దేశము. పోటీ కంపెనీలు కొన్ని చేరినవి. అయినను పరిశ్రమ యంతటి సహకారము లభించలేదని 2022లో ప్రకటించి, 2023లో దానిని మూసివేసిరి.

ఆవర్జాకు మరియొక హద్దు కూడ కలదు. అది వ్రాసినదానిని మారనీయదు. కాని వ్రాసినది నిజమో కాదో చెప్పజాలదు. ఎవరైన సెన్సారును మంచుగడ్డ ప్రక్కన నుంచి, మందుపెట్టెను ఎండలో విడిచినచో, ఆ అబద్ధమే చెక్కుచెదరక నిలిచిపోవును. కావున సెన్సారులను సీలువేసి కాపాడుట, వాని కొలత సరియైనదా యని అప్పుడప్పుడు పరీక్షించుట, ఒకే నియమమునకు అందరును ఒడంబడుట అవసరము. ఈ మూడును మనుష్యులు చేయవలసిన పనులే. అవి జరిగినప్పుడే ఆవర్జాలోని అంకెను చూచి, ఆ మందును బిడ్డకు నిశ్చింతగా వేయవచ్చును.